చిరాకు అన్న ఒక్క మాట వెనక ఎన్ని దాక్కున్నాయో: ఎంవీపీ కాలనీ కౌన్సెలింగ్ సెంటర్‌లో నా 8 సెషన్లు

ముందే చెప్తున్నా, ఇది పెద్ద రివ్యూ. వైజాగ్‌లో కౌన్సెలింగ్‌కి ఎక్కడికెళ్లాలి అని నేను వెతికినప్పుడు దొరికినవన్నీ "గుడ్ సర్వీస్", "నైస్ మేడమ్" అని రెండు ముక్కలు రాసి ఐదు స్టార్లు కొట్టేసినవే, లోపలికెళ్తే ఏం అడుగుతారు, ఎంత తీసుకుంటారు, ఏమైనా తేడా కనిపిస్తుందా అని ఒక్కరూ రాయలేదు. నాలాగే వెళ్లాలా వద్దా అని నెలల తరబడి ఫోన్ పట్టుకుని కూర్చున్నవాళ్లు చాలామంది ఉంటారని తెలుసు, వాళ్ల కోసం మొత్తం రాస్తున్నా. సెంటర్ పేరు మాత్రం రాయట్లేదు, మేడమ్ ఒక్కరే నడుపుకునే చిన్న చోటు, ఇలా రాస్తానని ఆవిడ్ని అడగలేదు. ఎంవీపీ కాలనీ రైతుబజార్ నుంచి నడిచి వెళ్లిపోవచ్చు, ఇంటి మేడ మీద రెండు గదులు, అంతే.

నాకు 41. పరవాడ ఫార్మాసిటీలో ఒక కంపెనీలో స్టోర్స్ చూస్తాను, ఉండేది కూర్మన్నపాలెం. తాగుడు లేదు, కొట్లాటలు లేవు, ఇంటి లోన్ ఉంది కానీ అది అందరికీ ఉన్నదే. అంటే బయట నుంచి చూస్తే వీడికి కౌన్సెలింగ్ దేనికి అనే అంటారు, నేనూ అదే అనుకున్నా చాలా రోజులు.

జూలైలో ఒక రాత్రి షిఫ్ట్ నుంచి వచ్చి బాత్రూమ్‌లో కాళ్లు కడుక్కుంటున్నా, బయట మా వాడు వాళ్లమ్మతో మాట్లాడుతున్నాడు. తొమ్మిదో తరగతి. స్కూల్ ఖోఖో టీమ్‌లోంచి తీసేశారట, రెండేళ్ల నుంచి ఆడుతున్నాడు, ఏడుపు ఆపుకుంటూ చెప్తున్నాడు. చివర్లో "నాన్నకి చెప్పకమ్మా, చిరాకు పడతారు" అన్నాడు. నేను కుళాయి తిప్పేసి అలాగే నిలబడిపోయా. వాడు కోపంగా అన్లేదు, వర్షం వచ్చేలా ఉంది గొడుగు పట్టుకెళ్లు అన్నంత మామూలుగా అన్నాడు. అదే ఎక్కువ తగిలింది. ఆ రాత్రి మా ఆవిడ్ని అడిగా, నేను అంత చిరాకు పడతానా అని. తను కాసేపు ఆగి "మీరు అరవరండీ, కానీ ఇంట్లో ఉన్నా లేనట్టే ఉంటారు, మాట్లాడిస్తే మొహం అలా అయిపోద్ది, ఇంక వాడేం అడుగుతాడు" అంది.

అప్పుడు మొదలుపెట్టా వెతకడం.

ముందు రెండు తప్పు చోట్లకి వెళ్లొచ్చా, ఆ సంగతి కూడా చెప్పాలి ఎందుకంటే చాలామంది అక్కడితోనే ఆగిపోతారు. ఒకటి ఫోన్ యాప్‌లో వీడియో కాల్, అరగంట. అవతలి అమ్మాయి మంచిదే, కానీ మొత్తం ఇంగ్లీషు. నాకు ఇంగ్లీషు రాదని కాదు, ఆఫీసులో మెయిల్స్ అన్నీ అందులోనే, కానీ మా వాడు ఆ మాట అన్నప్పుడు నాకేమైందో ఇంగ్లీషులో చెప్పబోతే "ఐ ఫెల్ట్ బ్యాడ్" దగ్గర ఆగిపోయా, దాని కిందకి దిగలేకపోయా. రెండోది సిటీలో ఒక పెద్ద బోర్డున్న చోటు, అక్కడ నేను రెండు నిమిషాలు మాట్లాడకముందే ఒకాయన ముప్పావుగంట ఆయనే మాట్లాడి, మగాడు ఎలా ఉండాలో చెప్పి, ధ్యానం సీడీతో కలిపి పది సెషన్ల ప్యాకేజీ ఇవాళే కడితే తగ్గింపు అన్నాడు. బయటికొచ్చేశా.

ఇంకోటి, మన ఊరి సంగతి. వైజాగ్‌లో పెరిగిన ఎవరికైనా చిన్నప్పట్నుంచి ఒక మాట అలవాటు, ఎవడైనా తిక్కగా మాట్లాడితే "వీణ్ణి వాల్తేరు పంపాలి" అనేస్తాం. అక్కడున్నది ప్రభుత్వ మానసిక చికిత్సాలయం, ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధంగా నడిచే పెద్దాసుపత్రి, ఉత్తరాంధ్ర మొత్తానికి అదే దిక్కు, ఎన్ని కుటుంబాలు అక్కడికెళ్లి మళ్లీ నిలదొక్కుకున్నాయో. దాన్ని మనం తిట్టు చేసి పెట్టుకున్నాం. ఆ మాట వల్లే నేను కౌన్సెలింగ్‌కి వెళ్తున్నా అని మా బావకి చెప్పడానికి నోరు రాలేదు, చెప్పినప్పుడు ఆయన మొదటి ప్రశ్న కూడా "వాల్తేరా?" అనే. నేనిప్పుడు ఆ మాట వాడటం మానేశా, మీరూ మానేస్తే బాగుంటుంది.

మధ్యలో ఒకరోజు 14416 కి ఫోన్ చేశా. టెలిమానస్ అని, మనసు బాగోలేనివాళ్ల కోసం ఉన్న ఫోన్ లైన్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది, డబ్బులుండవు, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. నేను కంపెనీ బస్ దిగి ఇంటికి నడుస్తూ మాట్లాడా, అవతలామె ఓపిగ్గా విని, దగ్గర్లో ఎవరైనా కౌన్సెలర్‌ని ఎదురుగా కూర్చుని కలవండి సార్, ఇలాంటివాటికి వెళ్లొచ్చు అంది. ఆ "వెళ్లొచ్చు" అన్న మాట నాకు పర్మిషన్ స్లిప్ లాగా పనిచేసింది. తర్వాత మా ఆవిడ కొలీగ్ ఒకామె ఈ ఎంవీపీ కాలనీ మేడమ్ గురించి చెప్పింది.

ఇంక అసలు సెంటర్ సంగతి. మొదటి సెషన్ గంటంపావు, 1,500 తీసుకున్నారు, తర్వాతవి 50 నిమిషాలు, ఒక్కోటి 1,200. మొత్తం ఎనిమిదికి 9,900 అయింది, ఆగస్టు నుంచి నవంబర్ దాకా. మాలాంటివాళ్లకి తక్కువేం కాదు. నా ఇన్సూరెన్స్‌లో ఇలా వెళ్లి మాట్లాడి వచ్చే ఖర్చు రాదన్నారు, అడ్మిట్ అయితేనే అట. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టంలో ఒంటి జబ్బుకి ఎలా ఇస్తారో మనసు జబ్బుకీ అలాగే ఇన్సూరెన్స్ ఇవ్వాలని ఉంది, కానీ నా పాలసీలో ఓపీ ఖర్చు దేనికీ లేదు, ఇక దీనికెక్కడ వస్తుంది. మీది ఒకసారి చూసుకోండి, కొన్నింట్లో ఓపీ కూడా ఉంటుంది.

మొదటి రోజు నేను ఊహించింది వేరు, సోఫా మీద పడుకోబెట్టి చిన్నప్పటి సంగతులు అడుగుతారేమో అని. అదేం లేదు. రెండు కుర్చీలు కొంచెం పక్కవాటుగా వేసి ఉన్నాయి, ఎదురెదురుగా కాదు, అంటే మనం కావాలంటే ఆవిడ మొహం చూడొచ్చు లేకపోతే కిటికీలోంచి వేపచెట్టు చూడొచ్చు. నేను మొదటి మూడు సెషన్లు చెట్టునే చూశా. ముందు ఒక కాగితం చదివించి సంతకం పెట్టించుకున్నారు, ఇక్కడ మాట్లాడింది బయటికి వెళ్లదు అని, వెళ్లే సందర్భాలు కూడా అందులోనే రాసి ఉన్నాయి, మన ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉంటేనో, కోర్టు అడిగితేనో. అది ముందే చెప్పడం నాకు నచ్చింది, ఏదీ చెప్పము అని ఊరికే అనేస్తే నేను నమ్మేవాణ్ణి కాదు. తర్వాత తెలుగులో రెండు ప్రశ్నపత్రాలు, ఒకటి పీహెచ్‌క్యూ-9, గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, దిగులు, చచ్చిపోవాలన్న ఆలోచనలు ఎలా ఉన్నాయని తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులకి, ఇంకోటి ఆందోళన గురించి ఏడు ప్రశ్నలది. మార్కులు ఎంత ఎక్కువొస్తే దిగులు అంత ఎక్కువని లెక్క, నాకు మొదటిదాంట్లో 6 వచ్చింది. షుగర్, థైరాయిడ్, బీ12 ఈమధ్య ఎప్పుడైనా చూపించుకున్నారా అని అడిగారు, నీరసం చిరాకు వాటివల్ల కూడా వస్తాయి కాబట్టి చూపించుకుని రమ్మన్నారు. చూపించుకున్నా, అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"మరి నాకేం జబ్బు లేనట్టే కదండీ" అన్నా.

"జబ్బేం లేదండి. అయినా జ్వరమొస్తేనే స్నానం చేస్తారా?" అన్నారు.

ఆవిడ మాట తీరు ఇలాగే ఉంటుంది, విజయనగరం వైపు మనిషి, పెద్ద పెద్ద మాటలు వాడరు. చదువు మన ఆంధ్రా యూనివర్సిటీలోనే. కోనేరు రామకృష్ణారావు గారు 1967లో అక్కడ పారాసైకాలజీ (టెలిపతీ లాంటివాటి మీద పరిశోధన) విభాగం పెట్టారని, తర్వాత ఆయనే యూనివర్సిటీకి వీసీ కూడా అయ్యారని, ఇప్పటి సైకాలజీ విభాగం అలా మొదలైందేనని ఒకసారి మాటల్లో చెప్తే ఆశ్చర్యపోయా, మద్దిలపాలెం మీదుగా ఎన్నివేలసార్లు వెళ్లి ఉంటాను, యూనివర్సిటీ గోడ అవతల మనసు గురించి అన్నేళ్లుగా చదువుతున్నారని ఎప్పుడూ తట్టలేదు.

ఇప్పుడు నాకు పనిచేసిన అసలు విషయానికొస్తా, ఇది కొంచెం వివరంగానే రాస్తా.

రెండో సెషన్‌లో మేడమ్ గమనించింది ఏంటంటే, ఏది అడిగినా నా దగ్గర రెండే జవాబులు. ఆఫీసులో ఎలా ఉంది, బానే ఉందండి. తమ్ముడు ఫోన్ చేస్తే ఏమనిపించింది, చిరాకండి. ఆదివారం సాయంత్రం ఎలా ఉంటుంది, చిరాకండి. ఆడిట్ రోజు, చిరాకు. మా వాడు లెక్క తప్పు చేస్తే, చిరాకు. ఆవిడ కాగితం మీద లెక్కపెట్టి చూపించారు, 50 నిమిషాల్లో పద్నాలుగు సార్లు. హోంవర్క్ ఇచ్చారు, ఒక నోట్‌బుక్ కొని నాలుగు గడులు గీసి, ఏం జరిగింది, అప్పుడు మనసులో ఏమనుకున్నా, ఏమనిపించింది, ఏం చేశా అని రాయాలి, రోజుకి ఒకటి చాలు. షరతు ఒక్కటే, మూడో గడిలో చిరాకు అన్న మాట రాయకూడదు.

ఈ గడుల పద్ధతి 1960లలో ఆరన్ బెక్ అనే అమెరికా సైకియాట్రిస్టు మొదలుపెట్టిన చికిత్సలోంచి వచ్చిందట, జరిగినదానికీ మనకి కలిగే బాధకీ మధ్యలో మనం అనుకున్నది ఒకటి ఉంటుంది, అది అప్పటికప్పుడు కనపడదు, రాస్తే కనపడుతుంది అని. సరే అని పెట్టుకున్నా కానీ మొదటివారం ఒక్క ముక్క రాయలేకపోయా, నిజంగా. పెన్ను పట్టుకుంటే ఇంకో మాట రావట్లేదు. 41 ఏళ్లు తెలుగు మాట్లాడుతున్నా, నా లోపల జరిగేదానికి ఒక్కటే మాట ఉంది నా దగ్గర.

మూడో సెషన్‌లో ఆ సంగతి చెప్తే ఆవిడ ఏం వివరించలేదు, ఒక కాగితం ఇచ్చి, మీ అమ్మగారు, నానమ్మ గారు వాడే మాటలు గుర్తుతెచ్చుకుని రాయండి అన్నారు. అప్పుడు మొదలైంది. బెంగ. దిగులు. గుబులు. ఉక్రోషం. రోషం. కినుక. అలక. వెలితి. నామోషీ. ఉసూరుమనడం. కడుపుమంట. బిడియం. మా నానమ్మ ఇవన్నీ రోజూ వాడేది, ఇవేం పుస్తకాల మాటలు కావు, వంటింట్లో అరుగు మీద తిరిగిన మాటలు. ఇరవై దాకా రాశా. రాస్తుంటేనే తేడా తెలిసింది, బెంగకీ దిగులుకీ తేడా ఉంది కదా, బెంగ ఎవరి మీదో పెట్టుకుంటాం, దిగులు ఎవరూ లేకపోయినా వస్తుంది. రోషంలో తల పైకి ఉంటుంది, ఉక్రోషంలో ఏడుపు కలిసి ఉంటుంది.

ఇంక నోట్‌బుక్ నడిచింది. ఆడిట్ రోజు రికార్డులో రెండు డ్రమ్ములు తక్కువ చూపించాయి, నాకన్నా పదేళ్లు చిన్నవాడైన కొత్త ఆఫీసర్ అందరి ముందూ "ఎక్కడున్నాయండీ?" అన్నాడు, అవి గోడౌన్‌లో పక్క భాగంలోనే ఉన్నాయి, ఎంట్రీ ఆలస్యం అయింది, అంతే. నేను ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో గడిలో చాలాసేపు ఆగి నామోషీ అని రాశా. ఆదివారం సాయంత్రానిది గుబులు, సోమవారం ఏ ఇండెంట్ (సరుకు కావాలని వచ్చే చీటీ) ఎక్కడ ఆగిపోతుందో అని. తమ్ముడు హైదరాబాద్ నుంచి చేసి రెండు నిమిషాల్లో పెట్టేస్తే వచ్చేది వెలితి, వాడి మీద నాకు కోపం ఏనాడూ లేదు.

దీనివల్ల ఏమొచ్చింది అంటారా, ఇదే నేను చెప్పాలనుకున్నది. అన్నిటికీ చిరాకు అని ఒక్క పేరు పెట్టినన్నాళ్లూ అన్నిటికీ నేను చేసింది కూడా ఒక్కటే, మొహం ముడుచుకుని ఫోన్ చూసుకుంటూ కూర్చోవడం. పేర్లు వేరయ్యాక చెయ్యాల్సింది కూడా వేరని తెలిసింది. నామోషీకి ఆ ఆఫీసర్‌ని విడిగా కలిసి, సార్ ఏదన్నా తేడా ఉంటే ముందు నన్ను పిలిచి అడగండి, అందరి ముందు వద్దు అని చెప్పాలి. చెప్పా. అతను సారీ కూడా చెప్పాడు, అతనికి అసలు తట్టలేదట. గుబులుకి శనివారమే సోమవారం లిస్టు రాసి పెట్టేసుకోవడం, సగం పోయింది. వెలితికి నేనే ఫోన్ చెయ్యడం, వాడు చేసేదాకా ఆగకుండా, రాత్రి తొమ్మిదిన్నరకి వాడి భోజనం అయ్యాక. ఇప్పుడు అరగంట మాట్లాడుకుంటున్నాం, ఎక్కువ మా చిన్నప్పటి క్వార్టర్స్ కబుర్లే.

రాస్తే ఇంత జరుగుతుందా మేడమ్ అని అడిగా ఒకరోజు. 1986లో పెన్నీబేకర్ అనే అమెరికా సైకాలజిస్టు కాలేజీ పిల్లల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకి పదిహేను నిమిషాలు, వాళ్లని బాగా బాధపెట్టిన విషయం గురించి రాయించాడట, బాధనీ జరిగినదాన్నీ కలిపి రాసినవాళ్లు తర్వాత నెలల్లో హెల్త్ సెంటర్‌కి వెళ్లడం తగ్గిందట. 2007లో లాస్ ఏంజెలెస్‌లో లీబర్‌మన్ బృందం మనుషులకి కోపంగా, భయంగా ఉన్న మొహాల ఫోటోలు చూపించి, ఆ భావానికి పేరు చెప్పమన్నప్పుడు మెదడులో అమిగ్డాలా అనే భాగం ఉలికిపాటు తగ్గడం స్కానింగ్‌లో చూశారట. ఇదంతా మంత్రం కాదు, రాస్తే అందరికీ ఒకేలా పనిచెయ్యదు అని కూడా ఆవిడే అన్నారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

అన్ని సెషన్లూ బాగున్నాయని చెప్పను. ఐదో సెషన్ నాకు అస్సలు నచ్చలేదు. నేనేదో చెప్పి ఆగాను, ఆవిడ ఏం మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు, ఫ్యాను చప్పుడు తప్ప ఏం లేదు, అలా రెండు మూడు నిమిషాలు. గంట పైగా ప్రయాణం చేసి 1,200 కట్టి ఊరికే కూర్చోవడానికా అని ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి ఇంక వెళ్లనన్నా. ఆరోదానికి వెళ్లి అదే మొహం మీద చెప్పేశా, మీరు ఒక్క సలహా కూడా ఇవ్వరేంటండీ, ఇది చెయ్యండి అది చెయ్యండి అని చెప్పొచ్చు కదా అని. ఆవిడ కోపం తెచ్చుకోకుండా ముందు థాంక్స్ చెప్పారు, మీకు నచ్చనిది ఎదురుగా చెప్పడం ఈ గదిలో ఇదే మొదటిసారి, బయట ఎవరికైనా చెప్పారా ఎప్పుడైనా అన్నారు. ఆలోచిస్తే నిజమే. సలహాల సంగతికి, 1940లలోనే కార్ల్ రోజర్స్ అనే ఆయన దీని గురించి చాలా పనిచేశాడని, దారి చెప్పడం కన్నా తప్పుపట్టకుండా పూర్తిగా వినేవాళ్లు ఒకరుంటే మనిషి తన దారి తనే వెతుక్కుంటాడని ఆయన నమ్మకం అని చెప్పారు. నాకు ఇప్పటికీ అప్పుడప్పుడు సూటిగా ఒక మాట చెప్తే బాగుణ్ణు అనిపిస్తుంది. ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు కావాలి అనుకునేవాళ్లకి ఈ మేడమ్ పద్ధతి విసుగు తెప్పిస్తుంది, అది ముందే తెలుసుకుని వెళ్లండి.

ఆ నిశ్శబ్దం గురించి మాట్లాడుతుంటేనే మా నాన్న సంగతి వచ్చింది. మీ ఇంట్లో ఎవరు ఇలా మాట్లాడకుండా కూర్చునేవారు అని అడిగారు. మా నాన్నే. స్టీల్ ప్లాంట్ నిర్వాసితుల కుటుంబం మాది, నిర్వాసితులకి ఇచ్చే ఆర్ కార్డు మీద ఆయనకి ప్లాంట్‌లో ఉద్యోగం వచ్చింది. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 1966లో ఉద్యమం, 1971 జనవరిలో ఇందిరాగాంధీ వచ్చి శంకుస్థాపన, ఇవన్నీ మన ఊళ్లో అందరం గర్వంగా చెప్పుకుంటాం, నేనూ చెప్పుకుంటా, ఆ ప్లాంట్ అన్నమే తిని పెరిగా. కానీ ఆ ప్లాంట్ కోసం ఊళ్లు ఖాళీ చేసిన రోజు ఎలా ఉందో మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు, నేనూ అడగలేదు. అడిగి చూస్తారా అన్నారు మేడమ్, బలవంతం ఏం లేదు అన్నారు.

రెండు వారాలు పట్టింది నాకు ధైర్యం రావడానికి. నాన్న కింది వాటాలో ఉంటారు. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక అరుగు మీద కూర్చుని "నాన్నా, మన పాత ఊరు ఖాళీ చేసినప్పుడు నీకెలా అనిపించింది?" అని అడిగా. ఆయన నా మొహం చూసి "ఏట్రా, ఇప్పుడెందుకు" అన్నారు. ఊరికే అన్నా. చాలాసేపు ఏం అన్లేదు, ఈసారి నాకు ఆ నిశ్శబ్దం బరువనిపించలేదు, అలాగే కూర్చున్నా. తర్వాత చెప్పారు. "మీ నానమ్మ బెంగెట్టుకుని నాల్రోజులు అన్నం ముట్లేదు. నాకా... కొత్తచోటుకి వచ్చేసినా సాయంత్రమయ్యేసరికి కాళ్లు అటే లాగేసేవి. తాటితోపు దాకా పోయి నిలబడి వచ్చీవోణ్ణి. ఇంటిలో ఎవులికీ చెప్పలేదు. అందరిదీ అదే బాధ, ఎవులికి చెప్తాం?"

నలభై ఏళ్ల పైన అయింది. ఆయన నోట్లోంచి అలాంటి మాట నేను విన్నది అదే మొదలు. మా వాడు తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు, నేను చూసుకోలేదు. తాతయ్యా ఆ తోపు ఇప్పుడుందా అని అడిగాడు. ఇద్దరూ ఇంకో గంట మాట్లాడుకున్నారు, చెరువు ఎక్కడుండేది, బడి ఎక్కడుండేది అని వేలితో అరుగు మీద గీసి చూపించారు మా నాన్న.

మా వాడి ఖోఖో సంగతి కూడా తర్వాత వారం బయటికొచ్చింది. నేను అడగలేదు, నా ఆడిట్ గొడవ వాడికి చెప్పా, అందరి ముందు ఆఫీసర్ అలా అంటే నాకు నామోషీ అయిందిరా అని. వాడు గబుక్కున "నాకూ అలాగే అయింది నాన్నా, పేర్లు చదివేటప్పుడు అందరూ ఉన్నారు" అన్నాడు. అప్పుడు చెప్పాడు మొత్తం. నేనేం సలహా ఇవ్వలేదు. ఇద్దరం వెళ్లి తెన్నేటి పార్క్ దగ్గర కూర్చుని మొక్కజొన్న పొత్తులు తిని వచ్చాం.

ఇంక లోపాలు. మేడ మెట్లు నిటారుగా ఉన్నాయి, లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్లడం కష్టం. వెయిటింగ్ గదికీ లోపలి గదికీ మధ్య గోడ పల్చన, మాటలు అర్థం కావు కానీ గొంతు వినపడుతుంది, మేడమ్ వెయిటింగ్‌లో ఒక రేడియో పెడతారు దానికోసం, అది చాలదని నా ఉద్దేశం, ఆవిడకీ చెప్పా. మీకు ముందున్నవాళ్లు బయటికొచ్చేటప్పుడు ఎదురుపడతారు, ఒకసారి నాకు మా కాలనీ ఆయన ఎదురుపడ్డారు, ఇద్దరం తల ఊపుకుని వెళ్లిపోయాం, కొందరికి అది ఇబ్బంది. ఫోన్ ఉదయం పది నుంచి పదకొండు మధ్యే ఎత్తుతారు. సాయంత్రం ఏడు తర్వాత సెషన్లు లేవు, షిఫ్టుల వాళ్లకి ఇది పెద్ద సమస్య. 24 గంటల ముందు చెప్పకుండా మానేస్తే సగం ఫీజు కట్టాలి, నాకు ఒకసారి ఉన్నట్టుండి నైట్ వేసేసరికి 600 పోయాయి, రూల్ ముందే చెప్పారు కాబట్టి కట్టా, కానీ షిఫ్ట్ ఆర్డర్ చూపించినవాళ్లకి మినహాయింపు ఉండాలి. అక్టోబర్‌లో ఆవిడ మూడు వారాలు లేరు, వీడియోలో చేద్దామన్నారు కానీ నాకు కుదర్లేదు, ఆ వేపచెట్టు లేకపోతే నాకు మాట రాదేమో.

ఎవరికి పనికొస్తుంది ఎవరికి కాదు అన్నది కూడా చెప్పాలి. రోజుల తరబడి నిద్ర లేకపోవడం, లేవలేకపోవడం, లేని మాటలు వినపడటం, చచ్చిపోవాలనిపించడం, ఇలాంటివి ఉంటే ముందు సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లాలి, మందులు రాసేది డాక్టరే, కౌన్సెలర్ కాదు, ఈ మేడమ్ కూడా అలాంటివాళ్లని మొదటిరోజే డాక్టర్ దగ్గరికి పంపిస్తారు. ఎవరి దగ్గరికెళ్లినా ఏం చదివారని అడగడానికి మొహమాటపడకండి. క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు ఉంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయి ఉండాలి, నంబర్ అడిగితే చెప్పాలి. కౌన్సెలర్ అన్న బోర్డు ఎవరైనా పెట్టేసుకుంటున్నారు, కనీసం సైకాలజీలో పీజీ ఉందా, ఎవరి దగ్గర ట్రైనింగ్ అయ్యారు అని అడగండి. మూడు సెషన్లలో మార్చేస్తాం అని గ్యారంటీ ఇచ్చేవాళ్ల దగ్గర కూర్చోకండి. మీరు చెప్పకుండా మీ భార్యకో భర్తకో ఫోన్ చేసి మీ సంగతులు చెప్పేవాళ్లయితే అసలొద్దు.

మా ఆవిడని అడిగా రివ్యూలో నీ మాట కూడా రాయనా అని. "ఇదివరకు ఏమైందండీ అంటే ఏం లేదు అనేవారు, ఇప్పుడు ఏమైందో చెప్తున్నారు, ఒక్కోసారి కాస్త ఎక్కువే చెప్తున్నారు, అది రాయండి" అంది. తను కూడా విడిగా ఒకసారి వెళ్తానంటోంది, తన సంగతులు తనకి ఉంటాయి కదా.

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా. మెట్లు, గోడ, టైమింగ్స్ వల్ల ఒకటి తీసేశా. ఎనిమిదో సెషన్‌లో మళ్లీ ఆ తొమ్మిది ప్రశ్నలు ఇచ్చారు, 3 వచ్చింది, ఇంక నెలకోసారి వస్తే చాలన్నారు, అదీ ఆదివారం ఉదయం. శనివారం సాయంత్రం ఐదింటి స్లాట్ నేను వదిలేశా, పోయిన వారమే చెప్పేశా, ఖాళీగా ఉంది. మద్దిలపాలెంలో దిగితే ఆటోలో పది నిమిషాలు.